చదవలేకపోయిన వరుసల లెక్క కూడా చెప్పించండి

సంపాదకులకు నమస్కారం.

మీ చదువుల పేజీలో వారం వారం వస్తున్న పైథాన్ (కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే భాష) పాఠాలు మొదటి నుంచీ చూస్తున్నాను. బాగానే ఉన్నాయి. నక్షత్రాలతో త్రిభుజం వేయడం, ప్రధాన సంఖ్యలు కనిపెట్టడం, ఫిబొనాచీ వరుస, అన్నీ వచ్చాయి. మొన్నటి పాఠంలో టెక్స్ట్ ఫైలు తెరిచి అందులోని అంకెలు చదవడం చెప్పారు. ఈ ఉత్తరం దాని గురించే. పాఠం చివర ఇచ్చిన సలహా నాకు మింగుడు పడలేదు. ఫైల్లో ఏదైనా వరుస ఇబ్బంది పెడితే దాన్ని ‘ట్రై’, ‘ఎక్సెప్ట్’ మధ్య పెట్టి, ఎక్సెప్ట్ కింద ‘పాస్’ (ఏమీ చేయకుండా ముందుకు పో) అని రాస్తే ప్రోగ్రాం ఆగకుండా నడుస్తుందన్నారు. నడుస్తుంది, నిజమే. ఆ వదిలేసిన వరుసలో ఏముందో, అలాంటివి ఎన్ని పోయాయో ఎవరు చెబుతారు?

నేను గణాంక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా అనంతపురం జిల్లాలోనే, ఎక్కువ కాలం మండలాల్లో. పంటకోత ప్రయోగాలు, ధరల సేకరణ, ఇంకా సవాలక్ష పనులు ఉండేవి గానీ మా జిల్లాలో ఎవరు ఆఫీసుకొచ్చినా అడిగేది ఒక్కటే, వాన ఎంత పడింది అని. ఉదయం 8:30కి వానమాపకంలో చేరిన నీళ్లను కొలగ్లాసులో పోసి చూసి, మిల్లీమీటర్లలో రిజిస్టరుకు ఎక్కించాలి. నిన్న ఉదయం 8:30 నుంచి ఈరోజు ఉదయం 8:30 దాకా పడిందంతా ఈరోజు తేదీ కిందికి వస్తుంది. నిన్న సాయంత్రం నిలువునా తడిసి ఇల్లు చేరిన రైతు, నిన్నటి తేదీ కింద సున్నా చూసి ‘మా ఊరి వాన ఎవరు తిన్నారు సార్’ అని గొడవకు రావడం మాకు మామూలే.

ఆ రిజిస్టరులో మూడు రకాల రాతలుంటాయి. వాన పడితే అంకె. పడకపోతే సున్నా. మూడోది గీత. మనిషి వెళ్లి మూత తీసి చూశాడు, నీళ్లు లేవు అంటే సున్నా. ఎవరూ చూడలేదు, లేదా మాపకం ఒరిగిపోయింది, లేదా కొలిచేవాడు సెలవులో ఉన్నాడు అంటే గీత. కొత్తగా చేరిన కుర్రాళ్లకు మేము మొదట నేర్పేది ఈ తేడానే. జిల్లా స్టేట్‌మెంటు తయారయ్యాక కింద ఇంకో వరుస తప్పకుండా ఉండాలి. మొత్తం 63 మండలాల్లో ఎన్నింటి నుంచి వివరాలు అందాయి, ఎన్నింటి నుంచి అందలేదు అని. (63 అన్నది ఉమ్మడి జిల్లా లెక్క. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక అనంతపురానికి 31, శ్రీ సత్యసాయి జిల్లాకు 32 వచ్చాయి.) ఆ వరుస లేకుండా పైఅధికారి దగ్గరికి వెళితే కాగితం వెనక్కి వచ్చేది.

ఇప్పుడు రిజిస్టరు పోయి ఫైలు వచ్చింది. మా మేనకోడలు బీఎస్సీ డేటా సైన్స్ చదువుతోంది. ఆదివారం ఆమె, ఇద్దరు ముగ్గురు స్నేహితులు మా ఇంట్లో ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుంటారు. వాళ్ల దగ్గరే నేనూ నాలుగు పైథాన్ ముక్కలు పట్టాను. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లకు మండలాల వర్షపాతం ఫైళ్లిచ్చి నెలవారీ మొత్తాలు తీయమంది. సంస్థ ముందే ఒక ప్రోగ్రాం కూడా రాయించి పెట్టుకుంది, దాన్ని వాడమంది. పిల్లలు వాడారు. ఒక మండలానికి జూలైలో వచ్చిన మొత్తం చూడగానే నాకు అనుమానం వచ్చింది. ఆ ఏడు ఆ మండలంలో వాన పడకపోవడమేమిటి, వేరుశనగ విత్తనం వేసింది నాకు గుర్తుంది కదా.

‘ఫైలు తెరిచి చూపించమ్మా’ అన్నాను.

‘ఫైలు కాదు మామా, కోడ్ చూద్దాం’ అంది.

‘కోడ్ తర్వాత. ముందు ఫైలు.’

నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే విషయం తేలిపోయింది. చాలా రోజులకు అంకె ఉండాల్సిన చోట గీత ఉంది. పైథాన్ సంగతి చెప్పాలంటే అది ఇక్కడ నిజాయితీగానే ఉంటుంది. గీతను ‘ఫ్లోట్’గా, అంటే దశాంశ అంకెగా మార్చమంటే మార్చదు, ఈ ముక్కను అంకెగా మార్చలేను అని ఎర్రర్ వేసి ఆగిపోతుంది. ఆ సంస్థ ప్రోగ్రాం రాసినవాళ్లకు ఆ ఎర్రర్ చిరాకు తెప్పించినట్టుంది. పాండాస్ అనే లైబ్రరీలో (ఇంకొకరు ముందే రాసిపెట్టిన కోడ్‌లో) దానికి దొడ్డిదారి ఉంది. ‘టు న్యూమెరిక్’ అనే పనికి ‘కోఎర్స్’ అని చెబితే, అంకె కాని ప్రతిదాన్నీ ఖాళీగా మార్చేస్తుంది. అంతవరకూ పరవాలేదు, ఖాళీ ఖాళీగానే ఉంది. ఆ వెంటనే ‘ఫిల్ ఎన్ఏ’ అని ఇంకో మాట రాసి ఖాళీలన్నింటిలో సున్నా నింపేశారు. రెండు వరుసల కోడ్. ఎవరూ చూడని రోజులన్నీ వాన పడని రోజులైపోయాయి.

దీనివల్ల ఏమవుతుందో చిన్న లెక్క చూడండి. ఒక మండలానికి ఒక నెల సాధారణ వర్షపాతం 60 మిల్లీమీటర్లనుకుందాం. నిజంగా 54 పడింది. పది శాతం తక్కువ. భారత వాతావరణ శాఖ లెక్కలో 19 శాతం వరకు తగ్గినా సాధారణమే, 20 నుంచి 59 శాతం దాకా తగ్గితే లోటు, 60 శాతం, ఆపైన తగ్గితే తీవ్ర లోటు. ఇప్పుడు 9 మిల్లీమీటర్లు పడిన ఒక్క రోజు కొలత అందలేదు, దాని చోట సున్నా వేశారు. మొత్తం 45కు దిగింది, 25 శాతం తక్కువ. మండలం లోటు జాబితాలోకి పోయింది. పక్క మండలంలో నిజంగానే లోటుంటే వాళ్లకు దక్కాల్సిన దృష్టి ఇటు మళ్లుతుంది. వాన లెక్కకు ఇక్కడ ఎంత విలువో రాయలసీమ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

గీతను గీతగా ఉంచలేని చోట పాత కాలం నుంచీ ఇంకో పద్ధతి ఉంది, ఎవరూ నిజమనుకోని అంకె వేయడం. వాతావరణ శాఖ దేశాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, 1901 నాటి నుంచి వివరాలతో ఇచ్చే గ్రిడ్ వర్షపాతం ఫైళ్లలో డేటా లేనిచోట -999 ఉంటుంది. అమెరికా ప్రభుత్వ వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ నోవా ప్రపంచంలోని స్టేషన్ల రోజువారీ వివరాలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉచితంగా ఇస్తుంది, అందులో మన దేశపు స్టేషన్లూ ఉన్నాయి. వాటిలో -9999 వేస్తారు. ఈ నోవా ఫైళ్లు నాకు భలే నచ్చాయి. కామాలు లేవు, ఏమీ లేవు, ప్రతిదానికీ స్థానం ఖాయం. మొదటి 11 అక్షరాలు స్టేషన్ గుర్తు, తర్వాత 4 సంవత్సరం, 2 నెల, 4 ఏ కొలతో చెప్పే మాట, ఆపైన రోజుకు 8 అక్షరాల చొప్పున 31 రోజులు. వరుసలో మొత్తం 269 అక్షరాలు. జూన్ నెలకు కూడా 31వ గడి ఉంటుంది, దాంట్లో -9999 ఉంటుంది. వాన మిల్లీమీటరులో పదో వంతుల్లో ఉంటుంది, అంటే 125 అని కనిపిస్తే 12.5 మిల్లీమీటర్లు. ఇవన్నీ ఫైలు పక్కనే ఉన్న ‘రీడ్‌మీ’లో రాసి పెట్టారు. అది చదవకుండా కోడ్ మొదలుపెట్టిన మా ఇంటి శిష్యుల్లో ఒకడికి జూన్ నెల మొత్తం మైనస్‌లో వచ్చింది. పిల్లలంతా నవ్వారు. నాకైతే సంతోషమే అయింది. మైనస్ వాన ఎక్కడా పడదు కాబట్టి తప్పు వెంటనే దొరికింది. అక్కడ సున్నా ఉండి ఉంటే ఎవరికీ దొరికేది కాదు.

ఎవరూ నిజమనుకోని అంకె అన్నాను గానీ, ఒక్కోసారి అదీ నిజమనిపిస్తుంది. వాతావరణ శాఖ ఉష్ణోగ్రత గ్రిడ్ ఫైళ్లలో డేటా లేనిచోట వేసే గుర్తు 99.9. నెలలో 30 రోజులకు సగటున 39.9 డిగ్రీలు ఉండి, ఒక్క రోజుకు ఆ 99.9 కలిసిందనుకోండి, 31 రోజుల సగటు దాదాపు 41.8 వస్తుంది. మే నెలలో అనంతపురానికి 41.8 అంటే ఎవరైనా అనుమానిస్తారా? ‘ఈసారి ఎండలు మండిపోయాయి’ అని మీ పత్రికే పతాక శీర్షిక పెడుతుంది.

తప్పును చెప్పకుండా ఊరుకునే ఈ మౌనం ప్రోగ్రాం రాసే భాషను బట్టి కూడా మారుతుంది. టెక్స్ట్ ఫైళ్లు చదవడానికే పుట్టిన భాష ‘ఆక్’. 1977లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్ అనే ముగ్గురు తయారు చేశారు, వాళ్ల ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. మూడో గడిలోని అంకెలన్నీ కూడమని ఒక్క వరుసలో చెప్పేయవచ్చు, ఫైలు తెరవడం, వరుసలు తిప్పడం, గడులు విడగొట్టడం అన్నీ అదే చూసుకుంటుంది. పైథాన్‌లో ఐదారు వరుసలు పట్టే పని. నాకు చాలా ఇష్టమైన భాష. కానీ దానికి గీత ఇచ్చి కూడమంటే సున్నాగా తీసుకుని కిక్కురుమనకుండా ముందుకెళుతుంది. అందుకే వాన లెక్కకు ఆక్ వాడేటప్పుడు ముందు ఆ గడిలో ఉన్నది అంకేనా అని అడిగించడం అలవాటు చేసుకున్నాను.

తెలుగు ఫైళ్ల దగ్గరికొస్తే ఇంకో తమాషా ఉంది. మీ పాఠంలో ఉదాహరణ ఫైలు మొత్తం ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఇది రాలేదు. మన దగ్గర ఎక్కువ విండోస్ కంప్యూటర్లలో పైథాన్‌కు ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) ఉందో చెప్పకపోతే, దాన్ని పశ్చిమ యూరప్ భాషల పట్టిక అయిన 1252 అనుకుని చదువుతుంది. ఫైలేమో యూటీఎఫ్-8లో ఉంటుంది. అందులో ఒక్కో తెలుగు గుర్తు మూడేసి బైట్లు. కర్నూలు అనే పేరున్న వరుస రాగానే ప్రోగ్రాం ఎర్రర్ వేసి ఆగిపోతుంది. ఎందుకంటే పొల్లు గుర్తులోని మూడో బైటుకు ఆ పట్టికలో చోటే లేదు. అనంతపురం దగ్గరా ఆగిపోతుంది, అక్కడ కొమ్ము గుర్తు అడ్డం పడుతుంది. కడప మాత్రం ఆగదు! క, డ, ప మూడింటి బైట్లకూ ఆ పట్టికలో ఏదో ఒక అక్షరం ఉంది. కాబట్టి ఫైల్లో కడప వరుసలు మాత్రమే ఉంటే ప్రోగ్రాం హాయిగా నడిచి, ఊరి పేరు చోట డిగ్రీ గుర్తులూ ఫ్రెంచి అక్షరాలూ కలిసిన చెత్త నింపుతుంది. కడప అని వెతికితే ఒక్క వరుస కూడా దొరకదు, ఎర్రర్ కూడా రాదు.

ఇక్కడ కూడా పిల్లలకు ఇంటర్నెట్‌లో దొరికే సలహా ఏమిటో తెలుసా? ‘ఎర్రర్స్’ అనే చోట ‘ఇగ్నోర్’ (చదవలేనిది వదిలెయ్) అని పెట్టు, లేదా ఎన్‌కోడింగ్ ‘లాటిన్-1’ అని పెట్టు, పని అయిపోతుంది అని. లాటిన్-1లో ఏ బైటూ తప్పు కాదు, అందుకే ఎర్రర్ రాదు. కర్నూలును కూడా కడపలాగే పాడు చేయమని చెప్పడమే అది. సరైన మందు చాలా చిన్నది, ఫైలు తెరిచే వరుసలోనే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయడం. ఎక్సెల్ నుంచో పాత నోట్‌ప్యాడ్ నుంచో వచ్చిన ఫైలైతే మొదట్లో కనిపించని మూడు బైట్ల గుర్తు ఉండొచ్చు, అప్పుడు ‘యూటీఎఫ్-8-సిగ్’ అని రాయాలి. లేకపోతే మొదటి గడి పేరుకు ఆ గుర్తు అంటుకుపోయి, ‘మండలం’ అనే గడి లేదంటుంది, కళ్లెదుట కనిపిస్తున్నా సరే. పైథాన్ 3.15 నుంచి ఏమీ చెప్పకపోయినా యూటీఎఫ్-8గానే తీసుకోవాలని ఆ భాష తయారీదారులు నిర్ణయించారు. మన కాలేజీల ల్యాబుల్లోకి ఆ వెర్షన్ ఎప్పటికొస్తుందో మీకూ నాకూ తెలిసిందే.

ఇదంతా మా జిల్లా చాదస్తం అనుకోకండి. 2020 అక్టోబరు మొదట్లో ఇంగ్లండులో కరోనా లెక్కల్లో 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ జాబితాలోకి రాకుండా పోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు వచ్చినవి. ల్యాబులు మామూలు సీఎస్వీ (గడుల మధ్య కామాలు పెట్టే) టెక్స్ట్ ఫైళ్లే పంపాయి, వాటిలో లోపం లేదు. వాటిని తీసుకుని పోసిన చోట పాత రకం ఎక్సెల్ ఫైలుంది. దానిలో 65,536 వరుసలకు మించి పట్టవు. మిగిలినవి పడిపోయాయి. పాజిటివ్ వచ్చినవాళ్లకు ఫలితం తెలిసింది గానీ, వాళ్లను కలిసినవాళ్లను వెతికే పని ఆలస్యమైంది. ఇన్ని వరుసలు వచ్చాయి, ఇన్ని ఎక్కించాం అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసే అలవాటు ఆ దారిలో ఎక్కడైనా ఉంటే మొదటి రోజే దొరికేది. ఆ లెక్కలు చూసిన పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ అంతటి ప్రభుత్వ ఆరోగ్య సంస్థకే అలా జరిగింది.

పరీక్షల తీరు కూడా దీనికి కారణమని నా అభిప్రాయం. సీబీఎస్ఈ 12వ తరగతి కంప్యూటర్ సైన్స్‌లో టెక్స్ట్ ఫైళ్లు, బైనరీ ఫైళ్లు, సీఎస్వీ ఫైళ్లు పాఠాలుగా ఉన్నాయి, మంచిదే. కానీ ప్రశ్నలు ఎలా ఉంటాయి? ఫైల్లో ఫలానా అక్షరంతో మొదలయ్యే వరుసలెన్ని, ఫలానా మాట ఎన్నిసార్లు వచ్చింది. ఆ ప్రశ్నల్లో ఫైలు ఎప్పుడూ పెళ్లికూతురిలా ముస్తాబై ఉంటుంది. నిజం ఫైలు అలా రాదు. ఉరవకొండ ఒక ఫైల్లో ఇంగ్లీషు ‘యూ’తో, ఇంకోదాంట్లో ‘వీ’తో మొదలవుతుంది. తేదీ 03/04 అంటే మార్చా ఏప్రిలా తెలియదు. మధ్యలో ఎవరో ‘మొత్తం’ అని ఒక వరుస చేర్చి ఉంటారు, అది కూడా కూడికలో పడి అన్నీ రెట్టింపవుతాయి.

మీ పాఠాలు రాసేవారిని నేను కోరేది పెద్ద పనేమీ కాదు. ఎక్సెప్ట్ కింద ‘పాస్’ తీసేసి, ఆ వరుస నంబరు, ఆ వరుసలో ఉన్నది ఉన్నట్టు ఒక పక్క జాబితాలో వేయించండి. చివర నాలుగు అంకెలు అచ్చు వేయించండి. రావాల్సినవి ఎన్ని, వచ్చినవి ఎన్ని, తీసుకున్నవి ఎన్ని, వదిలేసినవి ఎన్ని. మొదటిది ముఖ్యం, దాన్ని అందరూ మర్చిపోతారు. ఉమ్మడి జిల్లాకు జూలై నెల ఫైలంటే 63 మండలాలు, 31 రోజులు, మొత్తం 1,953 వరుసలు ఉండాలి. 1,922 వచ్చాయంటే ఒక మండలం పూర్తిగా లేదు. 1,890 వచ్చాయంటే ఒక రోజు పూర్తిగా లేదు. ఇలాంటి చోట ఏ వరుసా చెడిపోయి ఉండదు, అసలు ఉండదంతే, కాబట్టి ఎంత మంచి ట్రై, ఎక్సెప్ట్ రాసినా పట్టుకోలేదు. ముందే మనిషి లెక్క కట్టుకుని ఉండాలి. కొత్తవాళ్లకు ఇది ఎక్కువ బరువు అంటారేమో. గుణకారం వచ్చినవాళ్లకు బరువేముంది?

పాఠానికి తగిన ఫైళ్లు మనవే వాడొచ్చు కూడా. తెలంగాణ ప్రభుత్వం 2016లో ఓపెన్ డేటా విధానం తెచ్చింది, వాళ్ల పోర్టల్‌లో వాతావరణ వివరాలు సీఎస్వీలుగా దొరుకుతున్నాయి. కేంద్రం 2012లోనే డేటా పంపకం విధానం ప్రకటించి పోర్టల్ పెట్టింది. డేటా పాఠాల్లో ఎప్పుడూ కనిపించే ఐరిస్ పూల రేకులు, టైటానిక్ ప్రయాణికుల ఫైళ్లు పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతారు మా పిల్లలు? వాళ్ల మండలం వాన ఫైలు ఇస్తే, అంకె తేడా వస్తే వాళ్ల నాన్నే చెబుతాడు.

ఇంకొక్క మాట మీ జిల్లా పేజీ గురించి. వానాకాలంలో మీరు వేసే మండలాల వర్షపాతం పట్టికలో ఈ మధ్య గీత కనిపించడం లేదు, అన్నీ అంకెలే. అన్ని మండలాల నుంచీ ప్రతిరోజూ కొలత అందుతోందంటే ఆ శాఖలో పనిచేసిన నాకే నమ్మకం కలగడం లేదు. అందనిచోట గీతే వేయండి, పట్టిక కింద ఇన్నింటిలో ఇన్ని అందాయని ఒక చిన్న వరుస ఇవ్వండి. చోటు లేదంటే పక్కనున్న రాశిఫలాల్లో ఒక వరుస తగ్గించినా జిల్లాలో ఎవరూ ఏమీ అనుకోరు.

పాఠానికి పనికొస్తుందని మా పిల్లలతో కలిసి ఒక నమూనా ఫైలు తయారు చేశాను. మండలాల పేర్లు తెలుగులో ఉన్నాయి, కర్నూలూ కడపా రెండూ ఉన్నాయి, గీతలున్నాయి, ఒక -999 ఉంది, మధ్యలో ఒక ‘మొత్తం’ వరుస ఉంది, ఒక తేదీ పూర్తిగా లేదు. జవాబులు వేరే కాగితంలో ఉన్నాయి. పాఠాలు రాసేవారు అడిగితే రెండూ పంపుతాను. జవాబుల కాగితం మాత్రం పాఠం అచ్చయిన తర్వాతి వారం దాకా బయటపెట్టవద్దని మనవి.

ఇట్లు,
విశ్రాంత గణాంక ఉద్యోగి,
అనంతపురం